పుర్రచేతి కొడవలి

సోమవారం మధ్యాహ్నం పిల్లల అన్నాలు అయిపోయి, పంపు దగ్గర కంచాల చప్పుడు సద్దుమణిగాక, రూతు ఒక చేత్తో నీళ్ళ బకెట్టు, రెండో చేత్తో పాత గుడ్డలూ కొబ్బరినూనె సీసా పట్టుకుని వెనకవైపు పాత సైన్సు గదిలోకి వెళ్ళింది. సైన్సు సామాను కొత్త బిల్డింగులోకి మారిపోయి రెండేళ్ళయింది. ఇప్పుడా గదికి కొత్త రేకులు పడ్డాయి, గోడలకి సున్నం పడింది, నేల మీద ఒక ట్రాక్టరు తొట్టెడు పాత సామాను పడింది.

మెరకపాలెం హైస్కూల్లో రూతు ఆయా. పొద్దున్నే వచ్చి గదులు ఊడుస్తుంది, మరుగుదొడ్లు కడుగుతుంది, చిన్నపిల్లలకి వాంతులైతే ఎత్తిపోస్తుంది. పర్మినెంటు ఉద్యోగం కాదు. ఏటేటా బడి కమిటీ సంతకం పెడితేనే ఉంటుంది. నాట్ల రోజుల్లోనూ కోతల రోజుల్లోనూ సెలవు పెట్టి పేటలో ఆడవాళ్ళతో పాటు పొలం వెళ్తుంది. యాభై ఆరేళ్ళొచ్చినా ఒక్క రోజు ఖాళీగా కూర్చున్న మనిషి కాదు.

"తుడిచినవి తుడిచినట్టు బల్లల మీద పెట్టెయ్యండి రూతమ్మా. చీటీలు నేను అంటిస్తాను," అంది సత్యశ్రీ.

సత్యశ్రీ తెలుగు టీచరు. రోజూ నిడదవోలు నుంచి ఆటోలో వస్తుంది. ఊళ్ళో అటకల మీదా సావిళ్ళలోనూ చెదలు పట్టిపోతున్న ఇంటి వస్తువులన్నీ ఒకచోట చేర్చి పిల్లలకి చూపించాలని రెండు నెలలుగా తిండీ తిప్పలూ లేకుండా తిరుగుతోంది. శనివారం విద్యాశాఖ ఆఫీసరుగారొచ్చి రిబ్బను కత్తిరిస్తారు. గదికి రేకులు వేయించింది పల్లంరాజుగారు. ఊళ్ళో పెద్ద రైతు, బడి కమిటీలో ఆయన మాటే మాట. వస్తువులు కూడా చాలావరకు ఆయన పశువుల సావిట్లోంచి వచ్చినవే. పశువులు పోయి సావిట్లో కారు పెట్టుకుంటున్నారు కాబట్టి చూరులో ఉన్నదీ, అటక మీద ఉన్నదీ మొత్తం దింపించి ట్రాక్టరుకెత్తించారు.

రూతు ముందు తిరగలి కడిగింది. ఆ తరవాత రోకళ్ళు. తరవాత ఎలకలు కొరికేసిన చేటలు, ధాన్యం కొలిచే కుంచం, వానలో నాట్లేసేటప్పుడు వీపు మీద కప్పుకునే తాటాకు గిడుగు. గిడుగుని ఆమె తడిగుడ్డతో కాకుండా పొడిగుడ్డతో తుడిచింది. తడి తగిలితే పాత తాటాకు నాని చివికిపోతుందని ఎవరూ చెప్పక్కర్లేదు ఆమెకి.

అడుగున పురికొసతో కట్టేసిన కొడవళ్ళ కట్ట ఉంది. అయిదు. తాడు విప్పి ఒక్కొక్కటే తుప్పు గీకి, నూనె రాసి, పక్కన పెట్టింది. నాలుగయ్యాయి. అయిదోది ఎత్తింది. ఎత్తడం ఎడం చేత్తో ఎత్తింది.

పిడి మీద బొటనవేలు ఆనేచోట చిన్న గుంట ఉంది. కర్ర అరిగి అరిగి పడ్డ గుంట. ఆమె బొటనవేలు వెళ్ళి అందులో కూర్చుంది. పిడికీ ఇనుముకీ అతుకు దగ్గర రాగితీగ చుట్టి ఉంది, నల్లబడిపోయి.

రూతు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, కొడవలిని వెలుగుకి పట్టి, అంచు మీద గోరుతో నిమ్మళంగా గీసింది. వరి కోసే కొడవలికి రంపప్పళ్ళలా కక్కు కొడతారు. ఆ కక్కు ఒక్కవైపే ఉంటుంది. కట్టలో ఉన్న మిగతా నాలుగు కొడవళ్ళకీ, పేటలో ప్రతి చూరులోనూ ఉన్న కొడవళ్ళకీ కుడిచేతి వాటానికే ఉంటుంది. దీనికి రెండోవైపు కొట్టి ఉంది.

"ఏమైంది రూతమ్మా? చెయ్యి తెగిందా?"

"లేదండి మేడంగారు."

సత్యశ్రీ దగ్గరికొచ్చి, చేతిలో ఉన్న చీటీల్లోంచి ఒకటి వెతికి, రాగితీగ చుట్టినదని రాజుగారు చెప్పింది ఇదేనంటూ ఆ కొడవలిని తీసుకుని గోడకున్న మేకుకి తగిలించి, కింద చీటీ అంటించింది. కంప్యూటరులో కొట్టిన పెద్దక్షరాలు. రూతు ఏడో తరగతి చదివింది. కూడబలుక్కుని చదువుకుంది.

"వరి కోత కొడవలి. కీ.శే. సుభద్రాయమ్మగారు వాడినది. దాత: మనుమడు పల్లంరాజుగారు."

రూతు బకెట్టులో గుడ్డ ముంచి, పిండి, మళ్ళీ ముంచింది. సుభద్రాయమ్మగారు ఆమెకి తెలుసు. పట్టుచీర కట్టుకుని, అరుగు మీద కుర్చీ వేసుకుని, కూలి ధాన్యం కొలిపించేవారు. ఆవిడ పొలం గట్టు దిగడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

*

సాయంత్రం పొయ్యి మీద కూర ఉడుకుతుంటే, రూతు గుమ్మంలో కూర్చుని మొగుడితో చెప్పింది. ఆశీర్వాదం రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. ఒళ్ళంతా తవుడుతో వచ్చి, అప్పుడే స్నానం చేసి తువ్వాలు చుట్టుకున్నాడు.

"మా అమ్మ కొడవలయ్యా. నా కళ్ళతో చూశాను."

"నలభై అయిదేళ్ళ కింద పోయిన మనిషి. కొడవలి గుర్తుందా నీకు?"

"నేను మోసేదాన్ని కదా. పొద్దూకేసరికి అమ్మ గడ్డిమోపు నెత్తినెట్టుకుని, కొడవలి నా చేతికిచ్చేది. ఇంటిదాకా నేనే తెచ్చేదాన్ని. దాని బరువు తెలీదా నాకు?" రూతు ఆగి, గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. "చేలోనే జ్వరమొచ్చి పడిపోయింది కదా. మంచమ్మీద మోసుకొచ్చేశారు. కొడవలి ఎవరో తీసి రాజుగారి సావిట్లో చూరులో పెడితే, అక్కడే ఉండిపోయింది. నాలుగోనాటికి మనిషే పోయింది. కొడవలి అడగడానికి ఎవరెళ్తారు?"

ఆశీర్వాదం తల తుడుచుకోవడం ఆపాడు. ఆ ఇంట్లో రూతు తల్లి సువార్తమ్మ ఫొటో లేదు. ఎప్పుడూ తీయించుకోలేదు. ఎనభై ఆరు వరదకి పాత గుడిసె పోయినప్పుడు ఆమె చీరా, ఆమె బైబిలూ కూడా నీళ్ళలో పోయాయి.

"ఇప్పుడేం చేద్దామని?" అన్నాడు చివరికి.

"తెలీదు."

"ఊరుకో రూతూ. జూన్లో మళ్ళీ సంతకాలెట్టాలి. ఆయన ఒద్దంటే ఆ ఉద్యోగం ఇంకోళ్ళకెళ్ళిపోద్ది. గోడకున్న కొడవలి గురించి పెద్దోళ్ళతో పేచీ ఎందుకు మనకి?"

రూతు గరిటెతో కూర కలిపింది. అతను చెప్పిందాంట్లో తప్పేం లేదు. అందుకే ఆమెకి మరీ కష్టంగా ఉంది.

మర్నాడు పొద్దున్న ఎవరూ రాకముందే ఆమె గది తాళం తీసి, ఊడ్చి, ఊడ్చాక గోడ దగ్గరికెళ్ళి, ఆ చీటీని నాలుగు మూలలా గోరుతో లేపి, మడిచి రొంటిని దోపుకుంది. అలా చెయ్యాలని ఇంటి దగ్గర అనుకోలేదు.

సత్యశ్రీ వచ్చి చూసి, "చూశారా, ఎనిమిదో క్లాసు వెధవల పని," అని నవ్వి, ఆఫీసు గదిలోకి వెళ్ళి ఇంకో చీటీ కొట్టించుకొచ్చి అంటించింది.

ఆ మధ్యాహ్నం వాన మొదలైంది. తుపానని ఫోన్లలో రెండ్రోజుల నుంచీ చెబుతూనే ఉన్నారు. గాలికి బడి ముందు కొబ్బరిచెట్లు నేలకి వంగి లేచాయి. బడికి సెలవిచ్చి పంపించేశారు. రాత్రంతా కురిసి, బుధవారం పొద్దున్నకి తుంపరగా మారింది. పిల్లలు ఇంకా రాలేదు. రూతు వరండాలో నిలిచిన నీళ్ళు చీపురుతో తోసేసి, పాత గదిలోకి వెళ్ళి, రెండో చీటీ మీద గోరు పెట్టింది.

"రూతమ్మా!"

గుమ్మంలో సత్యశ్రీ నిలబడి ఉంది. గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

రూతు చెయ్యి దించేసింది. చీటీ ఒక మూల ఊడి వేళ్ళాడుతోంది. అబద్ధం చెప్పడానికి నోట్లోకి ఏదో వచ్చింది కానీ, ఆమె దాన్ని మింగేసింది.

"అది సుభద్రాయమ్మగారిది కాదండి. మా అమ్మదండి."

సత్యశ్రీ గొడుగు మూలకి పెట్టి వచ్చింది. విన్నది. మొత్తం విన్నది. చేలో జ్వరం, మంచం, చూరు.

"మీరు అబద్ధం చెప్పరని నాకు తెలుసు. కానీ రాజుగారు స్వయంగా చెప్పి రాయించారు. ఇవన్నీ ఒకలాగే ఉంటాయి కదా. ఎలా చెప్పడం?"

"ఒకలాగ ఉండవండి."

రూతు బయటికెళ్ళి, మొన్న వస్తువులతో పాటు వచ్చిన గడ్డికట్టలోంచి ఒక గుప్పెడు తెచ్చింది. మేకు నుంచి కొడవలి తీసి టీచరమ్మకిచ్చింది. "ఎడం చేత్తో గడ్డి పట్టుకుని, కుడి చేత్తో కొయ్యండి."

సత్యశ్రీ కోసింది. కొడవలి గడ్డి మీద జారి పైకి పోయింది. గట్టిగా పట్టి లాగింది. నాలుగు పరకలు నలిగాయి, తెగలేదు.

"తుప్పు పట్టింది కదా," అంది.

"ఇటియ్యండి."

రూతు కొడవలి ఎడం చేతిలోకి తీసుకుని, కుడి చేత్తో గడ్డి పట్టి, ఒక్క లాగు లాగింది. సర్రుమని చప్పుడైంది. గుప్పెడంతా సమంగా తెగి ఆమె చేతిలోకొచ్చింది.

"మా అమ్మది పుర్రచెయ్యండి. నాదీ పుర్రచెయ్యే. దీనికి కక్కు అటుపక్క కొట్టించుకుంది. పెద్దమ్మగారు, సుభద్రాయమ్మగారు, ఈ కొడవలితో కొయ్యాలంటే ఆవిడదీ పుర్రచెయ్యయ్యుండాలి కదండి?"

సత్యశ్రీ ఆమె చేతిలోని గడ్డినీ, కొడవలినీ మార్చి మార్చి చూసింది. నమ్మింది. ఆమె మొహంలో ఆ నమ్మకం రూతుకి తేటగా కనబడింది. ఆ వెంటనే ఇంకోటి కూడా కనబడింది. భయం.

"రూతమ్మా, శనివారం ఒక్కటీ కానివ్వండి. ఆఫీసరుగారి ముందు రాజుగారికి చిన్నతనంగా ఉంటుంది. ఓపెనింగ్ అయిపోయాక నేనే నెమ్మదిగా చెప్పి మార్పిస్తాను. సరేనా?"

"అలాగేనండి," అంది రూతు.

అయిపోయాక, తరవాత, నెమ్మదిగా. ఆ మాటలు ఆమె చిన్నప్పట్నించీ వింటూనే ఉంది. చీటీ ఊడిన మూలని బొటనవేలితో నొక్కి తనే మళ్ళీ అంటించి, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

*

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి పల్లంరాజుగారి మోటారుసైకిలు బురదలో జారుకుంటూ పేటలోకొచ్చింది. అరవై అయిదేళ్ళ మనిషి, తెల్లచొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది, మొహంలో రెండు రాత్రుల నిద్ర లేదు. బోదె కాలవ పక్కనున్న రెండెకరాల వరీ నేలమట్టంగా పడిపోయింది. వెన్ను నీళ్ళలో నానుతోంది. ఇంకో మూడు రోజులుంటే మొలకలొచ్చేస్తాయి.

"చైను కోతమిషనోడొచ్చి చూసి, దిగబడిపోద్దండీ, నా వల్ల కాదని వెళ్ళిపోయాడు," అన్నాడు, రూతు ఇంటి ముందు బండి ఆపి. "మనుషులతోనే కోయించాలి. ఒక ఎనిమిది మందిని చూడమ్మా. ఈ పూటే దిగాలి. నువ్వు పిలిస్తే వస్తారు."

ఆశీర్వాదం మిల్లుకి వెళ్ళబోతూ అరుగు మీద ఆగిపోయాడు. భార్య వైపు చూశాడు. ఏం మాట్లాడకని ఆ చూపు.

"పిలుస్తానండి," అంది రూతు. "అందరూ వస్తారు. నేనూ వస్తాను. కానీ నాకు నా కొడవలి కావాలండి."

"కొడవలి లేదా? మా ఇంట్లోంచి ఇస్తాలే."

"ఇంట్లో లేదండి. బళ్ళో ఉంది. మేకుకి తగిలించి ఉంది." కొంగు నడుముకి బిగించింది. "నాకు కుడిచెయ్యి వాటం కాదండి. ఎన్నేళ్ళనుంచో కుడిచేతి కొడవలితో కోసి కోసి, అందరం వరసగా కోసే మునుంలో ఎప్పుడూ ఆఖరుదాన్నే. పుర్రచేతి కొడవలి మీ సావిడి సామానులో ఒకటుందండి. అది మా అమ్మది. సువార్తమ్మని, మీ చేలోనే కోస్తూ జ్వరమొచ్చి పడిపోయింది."

పల్లంరాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. "అది మా నాయనమ్మది. చీటీ కూడా రాయించాను."

"పెద్దమ్మగారిది పుర్రచెయ్యాండి?"

పేటలో ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు గుమ్మాల్లోకొచ్చారు. ఎదురింటి కరుణమ్మ చేతిలో బియ్యం చేటతో అలాగే నిలబడిపోయింది. ఆశీర్వాదం తల దించుకుని చెప్పు కాలికి ఎక్కించుకుంటున్నాడు, ఎంతకీ ఎక్కడం లేదు.

పల్లంరాజుగారు బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"చెప్పాను కదే," అన్నాడు ఆశీర్వాదం నెమ్మదిగా.

రూతు అరుగు మీద కూర్చుండిపోయింది. అయినా కాసేపటికి లేచి, చీర పైకి దోపుకుని, ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళని పిలిచింది. పంట ఎవరిదైనా, నీళ్ళలో మొలకెత్తే ధాన్యాన్ని చూస్తూ ఊరుకోవడం ఆమెకి రాదు. పదింటికల్లా ఎనిమిది మందీ చేలో దిగారు. రూతు చేతిలో బజారు కొడవలే ఉంది. పడిపోయిన వరిని మొదలు నుంచి లేపి, బురద విదిల్చి, కోసి, పనలు గట్టు మీదకి మొయ్యాలి. నడుం ఎత్తడానికి లేదు. అరగంటకే ఆమె అందరికంటే వెనకబడింది, ఎప్పటిలాగే.

పదకొండు దాటాక గట్టు మీద బండి ఆగిన చప్పుడైంది. రూతు తల ఎత్తలేదు.

"రూతమ్మా, ఇలా రా."

ఆమె బురదలోంచి కాళ్ళు పీక్కుంటూ గట్టు దగ్గరికొచ్చింది. పల్లంరాజుగారు బండికి తగిలించిన సంచిలోంచి కాగితం పొట్లం తీశాడు. విప్పాడు. కొడవలి తళతళలాడుతోంది. తుప్పు పోయింది, కక్కు కొత్తగా కొట్టి ఉంది. పిడీ, రాగితీగా మాత్రం పాతవే.

"చిట్టియ్య కొలిమి దగ్గరికి పట్టుకెళ్ళాను," అన్నాడాయన, పొలం వైపు చూస్తూ. చిట్టియ్య ఊళ్ళో మిగిలిన ఒక్క కమ్మరి. "కక్కు కొట్టమన్నాను. తిప్పి చూసి నవ్వాడు. చిన్నప్పుడు దీనికి తెలీక కుడి వాటానికి కక్కు కొట్టేసి, వాళ్ళ నాన్న చేత దెబ్బలు తిన్నాట్ట. పేటలో సువార్తమ్మ కొడవలండీ ఇది, ఇన్నాళ్ళూ ఎక్కడుందీ అని నన్నే అడిగాడు."

రూతు చీర కొంగుతో చేతుల బురద తుడుచుకుంటోంది. తుడిచిందే తుడుస్తోంది.

"మా సావిట్లో ఉంటే మాదే అనుకున్నానమ్మా," అన్నాడు పల్లంరాజుగారు. "ఇంకోళ్ళది అయ్యుంటుందన్న ఆలోచనే రాలేదు. నలభై ఏళ్ళు ఆ చూరు కిందే తిరిగాను." కొడవలి పిడి ఆమెవైపు వచ్చేట్టు తిప్పి పట్టుకున్నాడు. "తీసుకో. ఆ చీటీ నేను పీకేసే వచ్చాను. టీచరమ్మ గారికి చెప్పాను, మీరే సరైంది రాసుకోండని."

రూతు తీసుకుంది. తల ఒక్కసారి ఆడించి, వెనక్కి తిరిగి చేలోకి దిగిపోయింది.

మొదటి గుప్పెడు కుడిచేత్తో పట్టుకోవడం కొత్తగా అనిపించింది. రెండో గుప్పెటికి అలవాటైంది. పదో గుప్పెటికి అసలు ఆలోచనే లేదు. కొడవలి దానంతటదే ముందుకి పోతోంది. భుజం నొప్పి లేదు, మణికట్టు మెలిక పడటం లేదు. పొద్దున్న కొడవలిదే తప్పన్నట్టు మాట్లాడినా, తను నెమ్మదైన మనిషి కాబట్టే వెనకబడుతున్నానని ఇన్నేళ్ళూ అనుకుంది. పేటంతా అలాగే అనుకుంది. ఇప్పుడు పక్క మునుంలో కరుణమ్మని దాటింది, తరవాత ఇంకో ఇద్దర్ని దాటింది.

"ఓలమ్మో, రూతక్కకేటయిందే! పూనకమొచ్చిందా?" అని అరిచింది కరుణమ్మ.

చేనంతా నవ్వు లేచింది. రూతు కూడా నవ్వింది. వంగి ఉండగానే కళ్ళలోంచి నీళ్ళు జారి బురదలో పడుతుంటే, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే కోసుకుంటూ పోయింది.

*

శుక్రవారం పొద్దు వాలుతుండగా, ఎకరన్నర అయ్యాక, ఎనిమిది మందీ బోదెలో కాళ్ళు కడుక్కుని పేటకి వెళ్ళకుండా బడికి వెళ్ళారు. టీచరమ్మ రమ్మని కబురంపింది. చీరల అంచులు తడిసి ఉన్నాయి. అంత శుభ్రమైన గదిలోకి అడుగు పెట్టడానికి కరుణమ్మ మొహమాటపడింది.

"నేనే కడుగుతాన్లే రేపు, రా," అంది రూతు.

సత్యశ్రీ గోడల మీది చీటీలన్నీ పీకేసింది. బల్ల మీద తెల్లకాగితాలూ పెన్నూ పెట్టుకుని కూర్చుంది. వాళ్ళు లోపలికి వస్తున్నప్పుడు ఆమె రూతు కళ్ళలోకి చూడలేకపోయింది. ఇప్పుడు చూసింది.

"బుధవారం నేను ఆగమన్నాను. ఆగమనకూడదు. ఏమీ అనుకోకండి రూతమ్మా."

"మీకూ ఉద్యోగమే కదండి," అంది రూతు. ఎత్తిపొడుపుగా అనలేదు. తనకి తెలిసిన బాధే కాబట్టి అంది.

తరవాత ఆడవాళ్ళు వస్తువుల మధ్య తిరిగారు. మొదట చేతులు వెనక్కి పెట్టుకుని చూశారు. ఒకామె తాటాకు గిడుగు దగ్గర ఆగి, తాళ్ళు ముడేసిన తీరు చూసి, ఇది మా అత్తది అంది. ఆ ముడి ఇంకెవరూ వెయ్యరట. కరుణమ్మ ఒక చేటని తిరగేసి, చిరుగు పడ్డచోట పాత నీలం చీర ముక్క పెట్టి కుట్టి, మెంతిపిండితో అలికిన అతుకు చూపించింది. ఆ చీర కట్టుకుని తన తల్లి చర్చికి వెళ్ళేదని చెప్పింది. రోకళ్ళ దగ్గర వాదులాట వచ్చింది. పొడుగ్గా ఉన్నది ఎవరిదో, పొట్టిది ఎవరిదో తేలలేదు. చివరికి ముగ్గురి పేర్లూ రాయమన్నారు. తిరగలీ, కుంచం మాత్రం రాజుగారి ఇంటివేనని అందరూ ఒప్పుకున్నారు. సుభద్రాయమ్మగారి పేరు కుంచానికి వెళ్ళింది.

సత్యశ్రీ అడుగుతూ, రాస్తూ, మళ్ళీ అడుగుతూ, రెండు పెన్నులు అవగొట్టింది. ఆఖరున రూతు వైపు తిరిగింది.

"మీ అమ్మగారి కొడవలికి ఏం రాయను?"

"సువార్తమ్మ అని రాయండి."

"ఇంకా?"

రూతు ఆలోచించింది. "వరి కోసేది అని రాయండి. నాట్లు కూడా వేసేది. పుర్రచెయ్యి అని రాయండి. అది తప్పకుండా రాయండి."

సత్యశ్రీ రాసింది. కాగితం ఆరేదాకా రూతు పక్కనే నిలబడి, అక్షరం అక్షరం పెదాలతో చదువుకుంది. అమ్మ పేరు కాగితం మీద చూడటం ఆమెకి అదే మొదలు. "కొడవలి తగిలించెయ్యమంటారా?" అని సత్యశ్రీ అడిగితే, రూతు రొంటిన దోపుకున్న కొడవలి వైపు చూసుకుంది.

"ఇంకా అరెకరం ఉందండి," అంది.

*

శనివారం పదింటికి షామియానా కింద కుర్చీలు వేశారు. చేలో మిగిలింది మొలకెత్తకముందే కోసెయ్యాలని ఆడవాళ్ళు తెల్లారే దిగారు. పదకొండవుతుండగా పల్లంరాజుగారే బండి మీద చేలోకొచ్చి, "ఆఫీసరుగారొచ్చేశారు, నువ్వొకసారి వచ్చి వెళ్ళమ్మా," అన్నాడు. రూతు బండెక్కలేదు. గట్టు మీద నడిచి, కాళ్ళు కడుక్కోకుండానే వెళ్ళింది. గది గుమ్మం బయట, పిల్లల వెనక నిలబడింది. అక్కడికి మిల్లు నుంచి ఆశీర్వాదం కూడా వచ్చి ఉన్నాడు, తవుడు చొక్కాతోనే. ఆమెని చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఆఫీసరుగారు నడివయసు ఆవిడ, కళ్ళజోడు పెట్టుకున్నారు. నెమ్మదిగా ఒక్కొక్క చీటీ చదువుతున్నారు. గిడుగు దగ్గర చాలాసేపు ఆగారు. మా అమ్మమ్మకి ఇలాంటిదే ఉండేదని ఎవరితోనో అన్నారు. తరవాత గోడ దగ్గరికొచ్చి నిలబడ్డారు. అక్కడ మేకు ఉంది, కింద చీటీ ఉంది. వస్తువు లేదు.

"సువార్తమ్మ. వరి కోసేది, నాట్లు వేసేది. పుర్రచెయ్యి," అని పైకి చదివారు. "ఏదండీ ఈ కొడవలి? పోయిందా?"

సత్యశ్రీ పల్లంరాజుగారి వైపు చూసింది. ఆయన గుమ్మం వైపు చూశాడు. సత్యశ్రీ గుమ్మం వైపు తిరిగింది.

"కోతలో ఉందండి. వాళ్ళమ్మాయి వాడుతున్నారు."

పిల్లలందరూ వెనక్కి తిరిగారు. ఆఫీసరుగారు కూడా తిరిగి, మోకాళ్ళ దాకా బురదతో, ఎడం చేతిలో కొడవలితో నిలబడ్డ మనిషిని చూశారు. ఆశీర్వాదం చెయ్యి రూతు మోచేతిని తాకి అక్కడే ఉండిపోయింది.

"మరి ఎప్పుడు తగిలిస్తారమ్మా?" అని అడిగారావిడ. అడిగిన తీరులో నవ్వు ఉంది.

ఇంత మంది తన మాట కోసం ఆగడం రూతు ఎప్పుడూ ఎరగదు. అయినా మాట తేలిగ్గానే వచ్చింది.

"కోతలు అవ్వనివ్వండి. అయ్యాక తెచ్చి పెడతాను. నాట్లయ్యి మళ్ళీ కోతలొచ్చినప్పుడు తీసుకెళ్తాను. తాళం నా దగ్గరే ఉంటుంది కదండి."

గదంతా నవ్వింది. పల్లంరాజుగారు కూడా నవ్వాడు, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ. ఆఫీసరుగారు తల ఊపి, "అప్పటిదాకా ఉంచుకోమ్మా," అని, సత్యశ్రీ చేతిలోంచి పెన్ను తీసుకుని, సందర్శకుల పుస్తకంలో ఏదో రాయడానికి వంగారు.

రూతు ఆగలేదు. మైకులో ఎవరో ఉపన్యాసం మొదలుపెడుతుండగా గేటు దాటి రోడ్డెక్కింది. ఎండ బాగా కాస్తోంది. మూడు రోజుల తరవాత కాసిన ఎండ. గట్ల మీద పరిచిన పనలు ఆరుతున్న వాసన రోడ్డు దాకా వస్తోంది. ధాన్యం దక్కింది. దూరంగా చేలో ఏడుగురూ వంగి కనబడుతున్నారు. ఆమె మునుంలో వరి అలాగే ఉంది. రూతు చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని గట్టు దిగింది.

"ఏమన్నారే?" అని అరిచింది కరుణమ్మ, వంగిన చోటు నుంచే.

"ఉంచుకోమన్నారు," అంది రూతు. వంగి, మొదటి గుప్పెడు పట్టుకుంది.